చీకటి కోనేటిలో నేను చూడని పొట్లం

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, ఒక ముసలాయనను వీధిలోని మగవాళ్ళంతా కలిసి చావగొట్టడం దగ్గర నుంచి చూశాను. ఆ దెబ్బలకు మొదలు నా నోటి మాట. ఇన్నేళ్ళూ ఈ సంగతి మా వారికీ, మా పిల్లలకూ తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. డెబ్బై దాటాక సిగ్గు కూడా పాతబడిపోతుంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా నాన్న నన్ను తెనాలిలో పాసింజరు ఎక్కించుకుని తీసుకెళ్ళి, బాపట్లలో మా మేనత్త దగ్గర దిగబెట్టి వచ్చేవాడు. మా అత్తయ్య అక్కడ ఆడపిల్లల బడిలో పంతులమ్మ. మామయ్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మనిషి పొడుగు, మాట పొదుపు. నన్ను ముద్దు చేసేది కాదు గానీ, నేనేదైనా అడిగితే పెద్దవాళ్ళకు చెప్పినట్టే జవాబు చెప్పేది. ఆ మర్యాద నాకు ముద్దు కన్నా ఎక్కువగా ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కాలవలు కట్టేశారు. మంచినీళ్ళ చెరువు అడుగు కనబడింది. సముద్రం దగ్గరి ఊరు కావడంతో పెరటి బావులు చాలావాటిలో నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పన. నీళ్ళబండి రెండు రోజులకొకసారి వచ్చేది. వచ్చిన రోజు వీధిలో కొట్లాటే. రోజూ ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునే ఆడవాళ్ళు బిందెలతో మొహాలు పగలగొట్టుకోవడం నేను అరుగు మీద నుంచి చూశాను. ఒకావిడకు పెదవి చీలి రక్తం జాకెట్టు మీదికి కారుతోంది. అయినా వరసలోంచి తప్పుకోలేదు, బిందె నింపుకునే కదిలింది. ఇద్దరు అన్నదమ్ములు బండి గొట్టం దగ్గర కలబడ్డారు. తమ్ముడి చూపుడువేలు వెనక్కి విరిగి వేలాడింది. అప్పటికే మనుషుల చేతుల్లో కోపం నిండిపోయి ఉందని, ఎవరి మీద దింపాలో తెలియక తిరుగుతున్నారని ఇప్పుడు అనిపిస్తుంది.

అలాంటప్పుడు పెద్దవాళ్ళకు చీకటి కోనేరు గుర్తొచ్చింది.

ఊరి పాత భాగంలో, కూలిపోయిన ఒక సత్రం వెనకాల ఉండేది అది. పేరుకు కోనేరే గానీ పైన నిలబడితే నీళ్ళు కనిపించవు. ఒక పొట్టి గుమ్మంలోంచి తల వంచి దూరితే కిందికి ముప్పై ఆరు మెట్లు. దిగేకొద్దీ చల్లబడుతుంది. చివర నేల కింద పెళ్ళిపందిరంత గది, వరసగా రాతి స్తంభాలు, వాటి మీద ఇటుకలతో కట్టిన కమానులు. ఆ స్తంభాల సగం దాకా నల్లగా నిలిచిన నీళ్ళు. పాతరోజుల్లో సత్రం కప్పుల మీద పడ్డ వాననీళ్ళన్నీ తూముల గుండా అందులోకి దిగేవట. ఏ రాజు కట్టించాడో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవారు. మా అత్తయ్య మాత్రం, “తెలీదే. రాసిపెట్టిన రాయి ఏదీ దొరకలేదు,” అనేది.

పూడిక తీయించడానికి రేపల్లె వైపు నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. వీధంతా ఆయనను రేపల్లె తాత అనే పిలిచేది. కృష్ణలో మునిగి, పడవల నుంచి జారిపోయిన లంగర్లు వెతికి తీసిన మనిషి. పొద్దున పూట కూలీలు వచ్చి బురద తట్టలు మోసి వెళ్ళిపోయేవారు. ఆ తరవాత తాత ఒక్కడే లోపల ఉండి, నీళ్ళలో మునిగి, తూముల నోళ్ళు చేత్తో తడిమి శుభ్రం చేసేవాడు. సగం పని అయ్యేసరికే మెట్ల వైపు నుంచి జనం నీళ్ళు ముంచుకోవడం మొదలుపెట్టారు. అడుసు రంగు ఇంకా పోలేదు గానీ ఉప్పదనం లేదు. మా అత్తయ్య వాటిని కాచి, వడకట్టి తాగించేది.

నేను వచ్చిన నాలుగో రోజున అత్తయ్య నన్ను ఆ కోనేరు చూపించడానికి తీసుకెళ్ళింది. అప్పటిదాకా నేను అలాంటిది చూడలేదు. కప్పులో అక్కడక్కడ పిడికిలి పట్టేంత కన్నాలున్నాయి. వాటిలోంచి ఎండ సన్నని కడ్డీల్లా దిగి నీళ్ళలో గుచ్చుకుంటోంది. తాత లాంతరు పైకెత్తి కమానులు చూపించాడు. “పాపా, నీ పేరు ఒకసారి గట్టిగా చెప్పు,” అన్నాడు. చెప్పాను. స్తంభాల వెనక నుంచి అరడజను మంది ఆడపిల్లలు నా పేరు తలా ఒకసారి అన్నట్టు వినిపించింది. నేను హడలిపోయి అత్తయ్య చెంగు పట్టుకుంటే తాత నవ్వాడు.

“ఇక్కడ అరిస్తే ఏదీ వినపడదమ్మాయ్. అంతా కలిసిపోద్ది. మెల్లిగా అంటేనే అవతలోళ్ళకి మాట తెలుస్తది,” అన్నాడు.

పైకి వచ్చాక కూడా నాకు ఆ చోటు మీదే మనసు. ఒక్కదాన్నే వెళ్ళొద్దని అత్తయ్య చెప్పింది. నేను రెండు రోజులు ఆగి, మూడోరోజు మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా వెళ్ళాను. సగం మెట్లు దిగి కూర్చుని చూశాను. తాత నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఏదో చిన్నది పట్టుకుని రాతి మీద గంధం తీసినట్టు అరగదీస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏమంటున్నాడో తెలియలేదు. అరగదీసింది నీళ్ళతో కడిగి, ఆ బూడిదరంగు కడుగును చేత్తో నీళ్ళలోకి చిమ్మాడు. మళ్ళీ అరగదీశాడు. నాకు అదేమిటో అడగాలనిపించింది. కానీ చెప్పకుండా వచ్చాను కదా, అత్తయ్యకు తెలుస్తుందని భయపడి పిల్లిలా పైకి వచ్చేశాను.

నేను చూసింది అంతే. ఇది ముందే చెప్పుకోవాలి.

అప్పటికే వీధిలో మూడిళ్ళలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎదురింటి బాబాయి వాళ్ళ చిన్నవాడికి అన్నింటికన్నా ఎక్కువైంది. ఆ బాబాయి దర్జీ. మెత్తని మనిషి. నా బొమ్మకు కట్టమని రంగురంగుల గుడ్డపీలికలు ఏరి దాచి ఇచ్చేవాడు. మిషను తొక్కుతున్నప్పుడు ఆ మూడేళ్ళవాడు ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని ఖాళీ దారపు రీళ్ళు దొర్లించుకుంటూ ఉండేవాడు. నేను కోనేటి దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి రిక్షా ఎక్కించేలోపే, వాడు తండ్రి భుజం మీద తల వాల్చేశాడు.

ఆ ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడారు. నేనూ వెళ్ళి గోడ వారగా నిలబడ్డాను. లోపల నుంచి తల్లి ఏడుపు వినబడుతోంది. ఒకావిడ, “నీళ్ళేనమ్మా. ఆ గుహలో నీళ్ళు తాగినప్పటి నుంచే ఇదంతా,” అంది. ఇంకొకావిడ, “ఆ ముసలాడు ఒక్కడే ఉంటాడు లోపల. ఎక్కణ్ణించి వచ్చాడో ఏంటో. వాడేం చేస్తాడో ఎవరైనా చూశారా?” అంది.

“నేను చూశాను,” అన్నాను.

అందరూ తిరిగారు. మా ఇంట్లో నేను ఐదుగురు పిల్లల్లో నాలుగోదాన్ని. నా మాటకు అంతమంది ఒక్కసారిగా నోరు మూసుకోవడం నాకు అదే మొదటిసారి.

“నీళ్ళల్లో ఏదో కలిపాడు,” అన్నాను.

లోపల నుంచి బాబాయి వచ్చాడు. చొక్కా మీద పిల్లవాడి వాంతి ఎండిపోయి ఉంది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. “ఏంటమ్మా కలిపింది? చెప్పు తల్లీ. ఏంటది?”

నాకు తెలియదు. తెలియదని అనలేకపోయాను. ఆ కళ్ళు అంత దగ్గరగా ఉన్నాయి, అంత అడుగుతున్నాయి. ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. “పొట్లం,” అన్నాను. “నల్ల పొట్లం. విప్పి నీళ్ళల్లో పోశాడు.”

ఆ పొట్లం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అనగానే మాత్రం అది నిజమైపోయింది. నా కళ్ళకు కూడా కనబడింది.

బాబాయి లేచి, తలుపుకు అడ్డంగా వేసే కర్ర తీసుకున్నాడు. పక్కింట్లోంచి ఒకాయన పలుగు తెచ్చాడు. వీధి చివరికి వెళ్ళేసరికి పదిహేను మంది అయ్యారు. నేను వాళ్ళ వెనకే పరుగెత్తాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, కోనేటి గుమ్మం దాకా నాకు గర్వంగానే ఉంది. పెద్దవాళ్ళంతా నేను చెప్పిన చోటికి వెళ్తున్నారు కదా.

వాళ్ళు దిగారు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను.

ముందు అరుపులు. తరవాత చప్పుడు. తడిబట్ట బండ మీద బాదినట్టు ఒక చప్పుడు పుట్టేది, అది స్తంభాలకు తగిలి తిరిగి తిరిగి వచ్చేది. పది దెబ్బలు పడితే వంద వినిపించాయి. మధ్యలో తాత గొంతు, “అయ్యా, అయ్యా,” అంటోంది. కొంతసేపటికి ఆ గొంతులో మాట పోయి, మూలుగు తప్ప ఏమీ లేదు.

ఇంటికి పరుగెత్తాను. అత్తయ్య జబ్బు పిల్లల కోసం పొయ్యి మీద గంజి కాస్తోంది.

“అత్తయ్యా, తాతని కొడుతున్నారు.”

“ఎవరే? ఎందుకు?”

“నీళ్ళల్లో మందు కలిపాడని. నేను చెప్పాను.”

అత్తయ్య ఒక్క క్షణం నా మొహం చూసింది. గరిటె కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీసింది. అంత పెద్ద మనిషి నడివీధిలో పరుగెత్తడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. నేను ఏడుస్తూ వెనకే వెళ్ళాను.

మెట్ల మీద రక్తం బొట్లు బొట్లుగా మొదలై, కిందికి వెళ్ళేసరికి కాలు జారేంత అయింది. తాతను నీళ్ళ అంచు నుంచి మెట్ల మీదికి ఈడ్చి, మళ్ళీ కిందికి ఈడ్చుకొచ్చారు. బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. చెవిలోంచి రక్తం. ఒకాయన పక్కటెముకల మీద కాలితో తంతున్నాడు. తన్నిన ప్రతిసారీ తాత ఒళ్ళు మూటలా కదులుతోంది. ఇంకొకాయన ఆయన జుట్టు పట్టుకుని తల నీళ్ళలో ముంచి, “తాగరా, నువ్వు కలిపింది నువ్వే తాగు,” అని అరుస్తున్నాడు. ఎప్పుడూ కుట్టు మిషను మీద తల వంచుకునే మా ఎదురింటి బాబాయి ఏడుస్తూ, చీమిడి కారుతుండగా, కర్ర ఎత్తి దించుతున్నాడు, ఎత్తి దించుతున్నాడు.

అత్తయ్య అరిచింది. “అవి చిల్లగింజలండీ! నీళ్ళు తేరడానికి వేసే గింజలు! నేనే తెమ్మన్నాను!” ఆమె మాట నాకే సరిగ్గా వినబడలేదు. పదిహేను మంది అరుపులు, వాటి ప్రతిధ్వనులు, అన్నీ కలిసి ఒకటే హోరు. ఆమె మధ్యలోకి దూరింది. ఎవరిదో కర్ర ఆమె భుజం మీద పడింది, ఆమె కోసం ఎత్తింది కాదు గానీ పడింది. ఆమె ఒంగిపోయి మళ్ళీ లేచింది. ఇంకొకసారి నోరు తెరిచి, మూసేసింది. ఆ చోట మాట పనికి రాదని అప్పుడే అర్థమై ఉంటుంది.

అప్పుడామె ఒక పని చేసింది. తాత ఇత్తడి చెంబు మెట్టు మీద దొర్లి ఉంది. దాన్ని తీసుకుని, నడుము దాకా నీళ్ళలోకి దిగింది. ఆయనను కొడుతున్న వాళ్ళకు ఎదురుగా, కప్పు కన్నంలోంచి ఎండ పడుతున్న చోట నిలబడింది. చెంబు ముంచి, ఎత్తి, అందరూ చూసేలాగా గటగటా తాగింది. అడుసు నీళ్ళు గడ్డం మీదుగా, మెడ మీదుగా కారాయి. ఆఖరి చుక్క దాకా తాగి, చెంబు బోర్లించి చూపించి, మళ్ళీ ముంచింది. మళ్ళీ తాగింది.

ముందున్న ఇద్దరు ముగ్గురు చూసి ఆగారు. జుట్టు పట్టుకున్నాయన వదిలేశాడు. వెనక ఉన్నవాళ్ళకు ఏమీ తెలియలేదు, తంతూనే ఉన్నారు. బాబాయి కూడా ఆగలేదు. అత్తయ్య మూడోసారి చెంబు ముంచింది. నన్ను పిలవలేదు, నా వైపు చూడనూ లేదు. ఒకవేళ చూసి ఉంటే నేను పారిపోయేదాన్నేమో.

నేను చివరి మెట్టు దిగి నీళ్ళలో అడుగుపెట్టాను. “పొట్లం లేదు బాబాయ్,” అన్నాను. వినబడలేదు. అత్తయ్య దగ్గరికి వెళ్ళి ఆమె చేతిలోని చెంబు అందుకున్నాను. నేను కల్పించింది పొట్లం మాత్రమే. ఆ అరగదీసింది ఏమిటో నాకు ఇంకా తెలియదు. చిల్లగింజలన్న మాట నా చెవిన పడింది గానీ తలకెక్కలేదు. అది విషమే అయితే అత్తయ్య చచ్చిపోతుంది, నేనూ చచ్చిపోతానని అనుకుంటూనే తాగాను. మన్ను వాసన. అందులో ఇనుము రుచి. అది తాత రక్తమని తరవాత తట్టింది.

బాబాయి నన్ను చూశాడు. కర్ర ఎత్తి ఉంది. చెంబు దించి ఆయన వంక చూస్తూ తల అడ్డంగా ఊపాను.

“నువ్వేగా చెప్పావు,” అన్నాడు. అప్పటికి హోరు తగ్గింది. ఆ మాట స్తంభాలన్నీ ఒకదాని తరవాత ఒకటి అన్నాయి.

“పొట్లం నేను చూళ్ళేదు బాబాయ్.”

కర్ర ఆయన చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒక్కొక్కరే మెట్ల వైపు జరిగారు. అత్తయ్య తాత తలను ఒళ్ళోకి తీసుకుని, మెల్లిగా, చాలా మెల్లిగా అంది. “నలుగురు ఆగండి. మంచం తెండి. కొట్టిన చేతులే మొయ్యాలి.” ప్రతి ఒక్కరికీ వినబడింది. నలుగురు ఆగారు.

ఆ సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ వీధిలోకి వచ్చాడు. ఎవరు కొట్టారో ఎవరూ చూడలేదట. అప్పటిదాకా అరుగుల మీద ఉన్నవాళ్ళంతా తలుపులు వేసుకున్నారు. అత్తయ్య భుజానికి కట్టు కట్టుకుని, కూర్చుని, ఒక్కో పేరే చెప్పింది. బాబాయి పేరు కూడా మానలేదు. అప్పటికి ఆయన కొడుకును పూడ్చిపెట్టి వచ్చి గంట కూడా కాలేదు.

హెడ్డు రాకముందే ఆమె నన్ను వంటింట్లో కూర్చోబెట్టి తల దువ్వింది. దెబ్బ తగిలిన చెయ్యి పైకి లేవక, ఎడమచేత్తో దువ్వింది. తిట్టలేదు. “నిన్ను కూడా అడుగుతారే. చూసింది చెప్పు. చూడనిది చూళ్ళేదని చెప్పు. రెండూ చెప్పాలి. రెండోదే కష్టం,” అంది. ఆ సాయంత్రం నాతో మాట్లాడింది అంతే.

నేను హెడ్డు ముందు నిలబడి, తాత దేన్నో అరగదీసి నీళ్ళలో చిమ్మడం చూశానని చెప్పాను. పొట్లం చూడలేదని, అది నేనే అన్నానని, ఎందుకన్నానో తెలియదని కూడా చెప్పాను. ఆయన రాసుకుంటున్న పెన్సిలు ఆపి, నా వంక చూసి, మళ్ళీ రాసుకున్నాడు. తలుపు సందుల్లోంచి వీధంతా వింటోందని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున మా తలుపు మీద రాళ్ళు పడ్డాయి. ఒకటి కిటికీలోంచి వచ్చి గోడకున్న పటం అద్దం పగలగొట్టింది. పేర్లు చెప్పిన పాపానికి అత్తయ్యతో చాలామంది ఆ ఏడంతా మాట్లాడలేదు. నీళ్ళబండి దగ్గర ఆమె బిందెను పదే పదే వెనక్కి నెట్టేవారు. ఆమె మళ్ళీ వెళ్ళి వరస చివర నిలబడేది.

మూడో రోజున నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తాత మొహం వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. చేతికి బద్దలు కట్టారు. మోచెయ్యి ఇక వంగదని అప్పటికే చెప్పేశారు. ఒక చెవి పోయింది. చెవి పోయినవాడు నీళ్ళలో మునగకూడదట. కృష్ణ అడుగున లంగర్లు వెతికిన మనిషికి అదెంత పెద్ద మాటో అప్పుడు నాకు తెలియలేదు. మంచం పక్కన నిలబడి, నేనే చెప్పానని చెప్పాను. వినబడే చెవి వైపుకు వచ్చి మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. మొదటిసారి కన్నా అది చాలా కష్టమైంది.

“ఆ రోజు మెట్ల మీద నువ్వు కూకోటం చూశా పాపా,” అన్నాడు. “గింజ ఎట్టా అరగదీయాలో పిలిచి చూపిద్దామనుకున్నా. చేతిలో పని అయ్యాక పిలుద్దామనుకునేలోపు నువ్వు ఎళ్ళిపోయావు.”

నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అత్తయ్య వైపు తిరిగి, “పంతులమ్మగారూ, నీళ్ళు తేరాయాండి?” అని మాత్రం అడిగాడు.

కొట్టిన రోజు నుంచి ఎవరూ కోనేటిలోకి దిగలేదు. ఆసుపత్రి నుంచి మేమిద్దరం నేరుగా కోనేటి దగ్గరికే వెళ్ళాం. మెట్ల మీద రక్తం ఎండి నల్లబడింది. చీమలు పట్టాయి. నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, లెక్కపెట్టుకుంటూ దిగాను.

నీళ్ళు తేరాయి. అడుగు దాకా కనిపిస్తోంది. ఎండ కడ్డీలు పైనే ఆగకుండా అట్టడుగు ఇటుకల మీద పడి వెలుగుతున్నాయి. ఎవరో ఎన్ని వందల ఏళ్ళ కిందటో చేపముళ్ళలా ఏటవాలుగా పేర్చిన ఇటుకలు, ఒక్కటి కూడా కదలలేదు. ఆ ఇటుకల మీద తాత లాంతరు పగిలి పడి ఉంది. ఒక చెప్పు ఉంది. బాబాయి వదిలేసిన తలుపుకర్ర నీళ్ళు పీల్చుకుని అడుగుకు దిగి ఉంది. ఏదీ దాగలేదు. అత్తయ్య అక్కడే మెట్టు మీద కూర్చుని, ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఏడ్చింది. చప్పుడు రాకుండా చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వారం తిరక్కుండా ఆరోగ్య శాఖ ఆయన ఒకరు వచ్చి వీధిలో బావులన్నీ చూశారు. జబ్బు పడ్డ ఆ మూడిళ్ళకూ కలిపి పెరట్లో ఒకటే బావి ఉంది. కరువులో నీళ్ళు బాగా కిందికి పోయేసరికి, పక్కనున్న మురుగు గుంట అందులోకి ఊరుతోందట. కోనేటి నీళ్ళు తాగిన మిగతా వీధిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. బాబాయికి ఆ సంగతి స్టేషన్లో చెప్పారట. కొడుకుకు దాహమన్నప్పుడల్లా ఆ బావిలోంచి తోడి పట్టింది ఆయనే. కోర్టులో ఆయన ఒక్కడే, కొట్టింది నేనే అని ఒప్పుకున్నాడు. కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చి, మిషను అమ్మేసి, భార్యను తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆయనకు ఆ పొట్లం ఇచ్చింది నేను. ఇప్పటికీ కుట్టు మిషను చప్పుడు వింటే నా ఒళ్ళు బిగుసుకుంటుంది.

తాతను ఆయన కూతురు వచ్చి రేపల్లె తీసుకెళ్ళింది. దసరా సెలవుల్లో అత్తయ్యా నేనూ రైల్లో వెళ్ళి చూసి వచ్చాం. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్నాడు. నాతో రెండు మాటలు మాట్లాడాడు, చదువు గురించి. ఆ కూతురు మాత్రం మేము కూర్చున్నంతసేపూ గుమ్మంలో నిలబడి నన్నే చూసింది. మంచినీళ్ళు ఇచ్చింది గానీ నా వంక నవ్వలేదు. ఆమె కోపం అందాల్సిన చోటికే అందింది. మరో రెండేళ్ళకు ఆయన పోయాడని ఉత్తరం వచ్చింది.

అత్తయ్య కూడా పోయి చాలా కాలమైంది. పెళ్ళయ్యాక నేను దుగ్గిరాలలో కాపురం చేశాను. పిల్లలను పెంచాను. ఇప్పుడు తెనాలిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంట్లో పిల్లలు ఫోనులో ఏదో చూసి, ఫలానావాడు ఫలానా పని చేశాడట అంటే, నేను ముందడిగేది ఒకటే, “నువ్వు చూశావా, విన్నావా?” నాన్నమ్మ లాయరు ప్రశ్నలు మొదలుపెట్టిందని నవ్వుతారు. నవ్వనీ.

పోయిన ఏడాది మా ఇంటి ముందు రోడ్డు మీద ఒక ఆటో, స్కూటరు గుద్దుకున్నాయి. స్కూటరు మీద కుర్రాడికి కాలు విరిగింది. నిమిషంలో జనం ఆటో అతన్ని కిందికి లాగి మెడ పట్టుకున్నారు. ఎవరో అప్పుడే చెప్పు తీశారు. “మామ్మగారు బాల్కనీలోనే ఉన్నారు, ఆవిడ చూశారు, ఆవిణ్ణి అడగండి,” అని ఒకామె నన్ను చూపించింది. నేను మోకాళ్ళ నొప్పితోనే మెట్లు దిగి వెళ్ళాను. జనం దారి ఇచ్చారు. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. అంత మంది ఒకేసారి నా మాట కోసం ఆగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఆటో అతని చొక్కా గుండీలు తెగిపోయి, గుండె పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

“చప్పుడు విని తల తిప్పాను బాబూ,” అన్నాను. “తిప్పేసరికి రెండూ పడి ఉన్నాయి. ఎవరిది తప్పో నేను చూడలేదు. ముందు ఆ అబ్బాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇతని మెడ మీద చెయ్యి తియ్యండి.”

“అంతేనా మామ్మగారూ?” అన్నాడు చెప్పు పట్టుకున్న అతను, ఇంకేదో కావాలన్నట్టు.

“అంతే నాయనా. అంతవరకే చూశాను,” అన్నాను. వాళ్ళు చేతులు తీసేదాకా అక్కడే నిలబడ్డాను.